క్యోటోలో కైసెకి భోజనం: అంత ఖర్చు పెట్టొచ్చా, మనవాళ్ళు ఎలా వెళ్ళాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "పదో పెళ్ళిరోజుకు నవంబరులో క్యోటో వెళ్తున్నాం. నేను, మావారు, మా అత్తగారు. హోటల్ వాళ్ళు మనిషికి 30,000 యెన్ల కైసెకి డిన్నర్ బుక్ చేస్తామంటున్నారు. మావారు గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటారు. నేను చేప తింటాను కానీ పచ్చిది తినలేను. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. అంత డబ్బు పెట్టొచ్చా? కడుపు నిండుతుందా? అక్కడ ఎలా మసలుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

నేను పదహారేళ్ళుగా ఒసాకాలో ఉంటున్నానండి. ఇండియా నుంచి వచ్చే కంపెనీ అతిథులను ఇలాంటి భోజనాలకు తీసుకెళ్ళి, దగ్గరుండి చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం. మూడేళ్ళు జపనీస్ టీ సెరిమొనీ కూడా నేర్చుకున్నాను, అక్కడే ఈ భోజనం మీద నాకు ఇష్టం కలిగింది. కాబట్టి నాకు తెలిసినంతా చెబుతాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

కైసెకి అంటే ఋతువును బట్టి వండి, చిన్న చిన్న గిన్నెల్లో ఒకదాని తర్వాత ఒకటిగా వడ్డించే జపనీస్ విందు భోజనం. ముందు సూటిగా జవాబు. మీరిద్దరూ తప్పకుండా వెళ్ళండి. అత్తగారిని మాత్రం ఆ డిన్నర్‌కు తీసుకెళ్ళకండి. ఆవిడ కోసం ఇంకో రోజు, ఇంకో చోట, ముగ్గురూ కలిసి తినండి, ఆ చోటేదో కింద చెబుతాను. ఇలా అనడానికి కారణం ఆవిడ కాదు, వంట కూడా కాదు. వంటకు ఆధారమైన రసం, దాషి. దాషి సంగతి తెలిస్తే మీ మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

మన వంటలో పోపు ఎలాగో వాళ్ళ వంటలో దాషి అలాగ. ఆవాలు చిటపటలాడితే గానీ మనకు వంట మొదలైనట్టు ఉండదు, వాళ్ళకు దాషి దిగితే గానీ పొయ్యి వెలిగినట్టు కాదు. అందులో పడేవి రెండే వస్తువులు. ఒకటి కొంబు, ఉత్తరాన హొక్కైడో సముద్రంలో పెరిగే వెడల్పాటి నాచు, ఎండబెట్టింది. రెండోది కత్సువొబుషి. ట్యూనా జాతి చేపను ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి, మంచి రకమైతే బూజు కూడా పట్టించి, నెలల తరబడి చెక్కలా గట్టిపడేదాకా ఉంచుతారు. వాడేముందు వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చటి పొరలుగా గీస్తారు. ఆ గీసే పెట్టె కూడా అచ్చం బోర్లించిన చిత్రికలాగే ఉంటుంది.

క్యోటోకు సముద్రం లేదు. పాతకాలంలో హొక్కైడో కొంబు ఓడలెక్కి జపాన్ సముద్రం వెంబడి దిగి ఇక్కడికి చేరేది. ఇప్పటికీ క్యోటో వంటవాళ్ళు రిషిరి దీవి కొంబునే ఇష్టపడతారు, దాని రసం తేటగా దిగుతుందని. ఇక్కడి నీళ్ళు లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్ళు, అవి కొంబు రుచిని బాగా లాగుతాయి. కికునోయ్ అని 1912లో మొదలైన రెస్టారెంట్ ఉంది. దాని మూడో తరం యజమాని యోషిహిరో మురాతా చెప్పే పద్ధతిలో కొంబును 60 డిగ్రీల వేడి నీళ్ళలో గంటసేపు ఉంచుతారు. మరగనివ్వరు. తర్వాత కొంబు తీసేసి, వేడి పెంచి, కత్సువొబుషి వేసి కాసేపట్లోనే వడకట్టేస్తారు. ఎక్కువసేపు ఉంచితే చేదు, నీచు దిగుతాయి. చేతికి వచ్చేది లేత గడ్డి రంగులో ఉండే నీళ్ళు, అంతే.

ఆ నీళ్ళలో ఏముందో మొదట పట్టుకున్నది కూడా క్యోటోలో పుట్టిన మనిషే. 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కికునాయె ఇకెదా కొంబు రసంలోంచి గ్లుటామేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో షింతారో కొదామా కత్సువొబుషిలో ఇనోసినేట్‌ను కనుక్కున్నారు. ఈ రెండూ ఒకచోట చేరితే రుచి ఒకటికి రెండు కాదు, ఎన్నో రెట్లు అవుతుంది. మీరు కాకినాడ వైపు వాళ్ళమని రాశారు కదా, వంకాయ కూరలో గుప్పెడు ఎండు రొయ్యలు పడితే కూర మొత్తం ఎలా మారిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. కాయగూర, ఎండిన సముద్రపు సరుకు కలిపే ఆ కిటుకే ఇక్కడ కారం, నూనె, మసాలా ఏమీ లేకుండా ఒక్కటే నిలబడి ఉంటుంది.

చిక్కు కూడా అక్కడే వస్తుంది. దాషి కనిపించదు, కానీ అన్నింట్లోనూ ఉంటుంది. ఉడికించిన ముల్లంగి దాషిలోనే ఉడుకుతుంది. ఆకుకూర దాషిలోనే నానుతుంది. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, గుడ్డు, చాలాసార్లు నంజుకునే సోయా సాస్, ఆఖరున వచ్చే అన్నం కూడా దాన్ని వదలవు. జపాన్‌లో చాలామందికి శాకాహారం అంటే ప్లేటులో చేప ముక్క, మాంసం ముక్క లేకపోవడమే.

మా అమ్మ వచ్చినప్పుడు ఈ సంగతి తెలిసుండి కూడా నేను పొరపాటు చేశాను. మంచి పేరున్న ఒక చోట బుక్ చేస్తూ "వెజిటేరియన్" అని మాత్రం రాశాను. వాళ్ళు సరేనన్నారు. మొదటి రెండు గిన్నెలూ వచ్చాయి, ఒకటి నువ్వులతో కలిపిన ఆకుకూర, రెండోది మెత్తగా ఉడికిన ముల్లంగి. ఇంత సన్నగా, ఇంత అందంగా కోశారేంటని అమ్మ తిప్పి తిప్పి చూసి ఇష్టంగా తింది. మూడోది మూత పెట్టిన గిన్నె. అమ్మ మూత తీయగానే పొగతో కలిసిన ఆ చేప వాసన నాకు తగిలింది. అడిగితే వడ్డించే ఆవిడ, "చేప అస్సలు వేయలేదండి, దాషి మాత్రమే" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అమ్మకు అర్థమైపోయింది. గిన్నె మీద మూత మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసి, "నువ్వు తిను, నాకు ఆకలి లేదు" అంది. ఆ రాత్రి ఇంటికొచ్చి తలస్నానం చేసి, పెరుగన్నం కలుపుకుని తింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మూత మళ్ళీ పెట్టిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అందుకే చెబుతున్నాను, అత్తగారిని షోజిన్ ర్యోరి పెట్టే చోటికి తీసుకెళ్ళండి. ఇది బౌద్ధ మఠాల వంట. చేప, మాంసం, గుడ్డు ఉండవు, దాషి కూడా కొంబుతోనూ ఎండు షిటాకె పుట్టగొడుగులతోనూ కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి జాతివి కూడా నిషేధం, మన ఇళ్ళలో వ్రతం రోజు వంటలాగే. 13వ శతాబ్దంలో జెన్ బౌద్ధ గురువు దోగెన్ మఠంలో వంట చేసేవాడు ఎలా ఉండాలో చెబుతూ 1237లో ఒక గ్రంథమే రాశారు. బియ్యం కడిగేటప్పుడు ఒక్క గింజ కూడా పారబోయవద్దని అందులో నేర్పుతారు. క్యోటో పశ్చిమాన అరాషియామాలో తెన్ర్యూజి మఠం ఉంది, 1339లో స్థాపించింది. దాని ఆవరణలోనే షిగెత్సు అనే చోట మధ్యాహ్నం పూట ఈ భోజనం పెడతారు. ఎర్ర తివాచీ మీద కింద కూర్చుని, ఎర్రటి లక్క పళ్ళెంలో తింటారు. నువ్వులను నూరి పిండితో ఉడికించి గడ్డకట్టించిన గోమా దోఫు, సోయా పాల మీద కట్టే మీగడ లాంటి యుబా, ఇవి అత్తగారికి నచ్చుతాయని నా నమ్మకం. కింద కూర్చోలేకపోతే ముందే చెప్పండి. నవంబరు అంటే మేపుల్ ఆకులు ఎర్రబడే రోజులు, అరాషియామా జనంతో కిటకిటలాడుతుంది, కాబట్టి తప్పకుండా రిజర్వ్ చేసుకోండి. భోజనం అయ్యాక మఠం వెనక తోట చూపించండి, జెన్ గురువు ముసో సోసెకి వేసిన 14వ శతాబ్దపు తోట అది.

ఇక మీ ఇద్దరి డిన్నర్ సంగతి.

కైసెకి అనే ఒకే ఉచ్చారణకు రెండు రాతలున్నాయి, అర్థాలూ వేరు. ఒకటి "ఒడిలో రాయి". ధ్యానంలో కూర్చునే సన్యాసులు ఆకలి తెలియకుండా ఉండటానికి వేడిచేసిన రాయిని బట్టలో చుట్టి పొట్టకు ఆనించుకునేవారని చెబుతారు. టీ సెరిమొనీకి ముందు పెట్టే చిన్న భోజనానికి ఆ పేరు. సెన్ నో రిక్యూ (1522–1591) దాన్ని ఒక చారు, మూడు వంటకాల స్థాయికి కుదించారు, అందులో అన్నం మొదటే వస్తుంది. రెండో కైసెకి విందు భోజనం, సాకె అనే బియ్యపు మద్యం తాగుతూ మెల్లగా తినేది. అందులో అన్నం ఆఖరున వస్తుంది. మీకు హోటల్ వాళ్ళు చెప్పింది ఈ రెండోదే. అన్నం కోసం మొదటి నుంచీ ఎదురుచూస్తూ, రాకపోయేసరికి దిగులు పడిన మనవాళ్ళను చాలామందినే చూశాను. వస్తుంది, కంగారు పడకండి.

మెనూలో ఎంచుకోవడం ఉండదు. ఆ రోజు ఏది బాగుంటే అది వాళ్ళే పెడతారు. నవంబరులో ఏమేం రావచ్చో చెబుతాను, ఒక్కో రెస్టారెంట్ వరుస ఒక్కోలా ఉంటుంది. మొదట చిన్న గిన్నెలో రెండు ముద్దల సాకిజుకె. హస్సున్ అనే పళ్ళెం ఆ ఋతువుకు అద్దం లాంటిది. హస్సున్ అంటే ఎనిమిది సున్‌లు, సుమారు 24 సెంటీమీటర్ల చదరపు దేవదారు పళ్ళెం. నవంబరులో దాని మీద గాలికి రాలి ఒకచోట పోగైన ఆకుల్లాగా వంటకాలను సర్దుతారు. పైన్ సూదుల్లా వేయించిన సోబా నూడుల్స్, గింగ్కో గింజలు, చెస్ట్‌నట్, మేపుల్ ఆకు ఆకారంలో కోసిన క్యారెట్. ఒక నిమిషం ఊరికే చూడండి, తర్వాత తినండి.

తర్వాత సాషిమి, అంటే పచ్చి చేప ముక్కలు, ఆ వంటకాన్ని ముకోజుకె అంటారు. మీకు పచ్చిది వద్దు కాబట్టి బుకింగ్‌లోనే చెబితే మీ వరకు పైపైన కాల్చిన చేపో, యుబానో మార్చి పెట్టమని అడగొచ్చు. మీవారికి వచ్చేదానిలో తెల్ల చేప ముందు, కొవ్వెక్కువున్న చేప తర్వాత తినమనండి. వసాబి అనే ఘాటైన పచ్చ ముద్దను సోయా సాస్‌లో కలిపేయకుండా కొద్దిగా చేప ముక్క మీద పెట్టుకుంటే దాని ఘాటు, వాసన తెలుస్తాయి.

కాల్చిన వంటకంగా గుజి రావచ్చు. క్యోటో ఉత్తరాన వకాసా తీరం నుంచి వచ్చే ఎర్రటి చేప. వేరే చోట అమదాయ్ అంటారు, క్యోటో వైపు దానికి ఈ పేరు. ఒకప్పుడు ఉప్పు చల్లిన చేపలను మోసుకుంటూ మనుషులు కొండదారిన నడిచి క్యోటో చేరేవారు. ఆ దారికి ఇప్పటికీ చేప పేరుతోనే సాబా కైదో, కానాగంత చేపల బాట అంటారు. గుజిని పొలుసులతో సహా కాలిస్తే పొలుసులు అప్పడంలా కరకరలాడతాయి, పక్కన పెట్టేయకండి. అదే చేప మీద తురిమిన తెల్ల టర్నిప్ కప్పి ఆవిరి మీద ఉడికించి, చిక్కటి వేడి రసం పోసి తెస్తే అది కబురా-ముషి. చలి మొదలైన సాయంత్రం దానికి మించింది నాకు లేదు. ఎబి-ఇమో అని రొయ్యలా వంపు తిరిగిన దుంప కూడా రావచ్చు, నోట్లో పెట్టుకుంటే మీకు తెలిసిపోతుంది, మన చేమదుంప జాతిదే. దాన్ని గంటల తరబడి మెల్లగా ఉడికిస్తారు, అంచు చెదరకూడదు, లోపల వెన్నలా ఉండాలి.

వాన్ గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. మూత పెట్టిన లక్క గిన్నెలో తేట చారు, అందులో ఒక ముక్క, ఒక ఆకు, యుజు అనే నిమ్మజాతి కాయ తొక్క ఇంత. వంటవాడి పరువు ఈ గిన్నెలో ఉందంటారు ఇక్కడ, నేనూ అదే నమ్ముతాను. గిన్నె ముందుకు రాగానే ఫోటో కోసం ఆగకండి, అది వేడిగా ఉండగానే తాగాల్సింది. కొన్ని చోట్ల మూత మీద సన్నటి నీటి తుంపరలు కనిపిస్తాయి, ఇంకెవరూ ఈ మూత తీయలేదని చెప్పడానికి కావాలనే చల్లుతారు. వేడికి మూత బిగుసుకుపోయి ఉంటుంది. గట్టిగా లాగితే చారు ఒలుకుతుంది. ఎడమచేత్తో గిన్నె అంచును రెండు పక్కలా మెల్లగా నొక్కితే లోపలికి గాలి పోతుంది, మూత దానంతటదే వదులుతుంది. మూతను కాస్త వంచి దాని చెమ్మ గిన్నెలోకే కారనిచ్చి, వెల్లకిలా కుడి పక్కన పెట్టండి. ఒక్కోసారి మూత లోపలి వైపు బంగారు పొడితో వేసిన బొమ్మ ఉంటుంది, మూత తీసినవాళ్ళకు మాత్రమే కనిపించేలా.

ముందు ఆవిరి పీల్చండి. తర్వాత గిన్నెను రెండు చేతులతో ఎత్తి, ముక్క ముట్టకుండా ఒక గుక్క తాగండి. చప్పగా ఉంటుంది. "ఉప్పు మర్చిపోయారా" అని మా అతిథుల్లో సగం మంది ఈ మొదటి గుక్క దగ్గరే నా వైపు చూస్తారు. ఏమీ అనుకోకుండా ఇంకో రెండు గుక్కలు తాగండి. మొదటి గుక్కకే ఉప్పు సరిపోతే గిన్నె అయ్యేసరికి ఎక్కువవుతుంది, అందుకని చివరి గుక్కకు సరిపోయేలా వేస్తారు. మూడో గుక్క నాటికి నాలుక వెనక భాగంలో ఒక నిండుదనం మొదలవుతుంది, మింగాక కూడా పోదు. అది దొరికితే ఆ రాత్రి మిగతా వంటకాలన్నీ మీకు అందుతాయి.

అది దొరకాలంటే ఆ రోజు మధ్యాహ్నం కారం తినకండి. నేను మా అతిథులకు పెరుగన్నం లాంటి తేలిక భోజనమే పెట్టిస్తాను. సూట్‌కేస్‌లో ఆవకాయ ఉంటే హోటల్ గదిలోనే ఉండనివ్వండి, ఆ బల్ల మీదికి తేవద్దు. దాషి మీద పెట్టిన శ్రద్ధంతా ఒక్క మెతుకు ఆవకాయ దగ్గర ఓడిపోతుంది, అది ఆవకాయ తప్పు కాదు, దాషి తప్పూ కాదు.

మనవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఎడమచెయ్యి. చిన్నప్పటి నుంచీ ఎడమచెయ్యి కంచం దగ్గరికి రాకూడదని పెరిగాం. ఇక్కడ చిన్న గిన్నెను ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని తినడమే మర్యాద, గిన్నె కింద ఉంచి తల వంచి తింటేనే తప్పు. చారు పెదవి ఆనించే తాగాలి, ఎంగిలి అనే పట్టింపు అక్కడ ఉండదు. ఎవరి గిన్నె వారిదే కాబట్టి మీకూ పట్టింపు అక్కర్లేదు.

డబ్బు సంగతికి వస్తాను. 30,000 యెన్లు అంటే మీరు చేతికి ఇచ్చేది అంత మాత్రమే కాకపోవచ్చు. పది శాతం వినియోగ పన్ను, దాని పైన పది నుంచి పదిహేను శాతం సర్వీస్ చార్జి ఉంటే మనిషికి 36,000 నుంచి 38,000 యెన్ల దాకా వెళ్తుంది, తాగేవి వేరు. "ఇందులో పన్ను, సర్వీస్ కలిసి ఉన్నాయా" అని ఇప్పుడే అడగండి. టిప్ ఇవ్వకండి, ఇక్కడ ఆ అలవాటు లేదు.

అంత ఎందుకు అంటారా? నేను ఒక జులైలో కౌంటర్ దగ్గర కూర్చుని హామో కోయడం చూశాను. పాము లాంటి సముద్రపు చేప అది, ఒళ్ళంతా సన్న ముళ్ళే, తీయడానికి వీలుకాదు. అందుకని బరువైన కత్తితో చర్మం తెగకుండా, మూడు సెంటీమీటర్లకు పాతిక దాకా గాట్లు పెడతారు, ముళ్ళు నోటికి తెలియనంత చిన్నవైపోయేలా. జర్ర్, జర్ర్ మని ఒకటే లయలో చప్పుడు, మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ ముక్క వేడినీళ్ళలో పడగానే తెల్లటి పువ్వులా విచ్చుకుంది. అలా కోయడం చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. దానికి తోడు ఋతువును బట్టి మారే గిన్నెలు, వాటిలో కొన్ని మన ముత్తాతల కాలంనాటివి, రాత్రికి కొద్దిమంది అతిథులే, గదికి ఒక మనిషి. డబ్బు అక్కడికి పోతుంది. ఆ పనితనం చూసి ఆనందించే మనసు ఉంటే మాత్రం ఖర్చు బాధించదు. పెద్ద పళ్ళెం నిండా రావాలనుకుంటే ఆ డబ్బుకు ఇంకెక్కడైనా తినడం మేలు.

నాకు వదిలేస్తే మీకు డిన్నర్ కన్నా మధ్యాహ్న భోజనం సూచిస్తాను. అదే వంటగది, అదే దాషి, చాలా చోట్ల సగం ధరకో అంతకన్నా తక్కువకో దొరుకుతుంది, వెలుతురులో తోట కూడా కనిపిస్తుంది. కానీ పెళ్ళిరోజు రాత్రే కావాలనుకుంటే రాత్రికే వెళ్ళండి, అది మీ సరదా, దానికి లెక్కలు అక్కర్లేదు. రెండు, రెండున్నర గంటలు పడుతుంది. కడుపు నిండుతుందా అన్నారు. నిండుతుంది. ఒక్కో గిన్నె మూడు ముద్దలే ఉంటుంది కానీ పది గిన్నెలు అయ్యాక అన్నం వచ్చేసరికి చాలామంది ఇక చాలంటారు. అన్నం మట్టి కుండలో వండి, మూత మీ ముందే తీస్తారు. తోడుగా మిసో సూప్, ఊరగాయలు. మిగిలితే కొన్ని చోట్ల ముద్దలు కట్టి ఇస్తారు, అడగడంలో తప్పు లేదు.

బుకింగ్ హోటల్ ద్వారానే చేయించండి. క్యోటోలో కొన్ని పాత రెస్టారెంట్లు పరిచయం లేని కొత్తవాళ్ళను తీసుకోవు, హోటల్ వాళ్ళ మాట అక్కడ పనికొస్తుంది. కనీసం రెండు వారాల ముందు ఈ సంగతులు రాసి పంపండి: గొడ్డుమాంసం వద్దు, ఒకరికి పచ్చి చేప వద్దు. గొడ్డుమాంసం సంగతి మర్చిపోకండి, ఇప్పుడు చాలా చోట్ల మధ్యలో ఒక వంటకంగా వాగ్యూ అనే జపనీస్ గొడ్డుమాంసం పెడుతున్నారు. నోటితో చెప్పాల్సి వస్తే "గ్యూనికు వా తబెరరెమాసెన్" అనండి, అంటే గొడ్డుమాంసం తినలేం అని. అత్తగారికి ఎక్కడ తిన్నా అక్కరకొచ్చే మాట "కత్సువో దాషి మో తబెరరెమాసెన్", అంటే కత్సువో దాషి కూడా తినలేం అని. ఈ ముక్క ఫోన్‌లో జపనీస్ లిపిలో రాయించి ఉంచుకోండి. అక్కడికి వెళ్ళి కూర్చున్నాక చెబితే వాళ్ళు మార్చలేరు, మార్చలేకపోయినందుకు వాళ్ళే ఎక్కువ బాధపడతారు. ఆ రోజు రద్దు చేస్తే పూర్తి డబ్బు కట్టమనడం కూడా మామూలే.

మసలుకోవడం గురించి అంత భయం వద్దండి, విదేశీయులు అన్నీ తెలుసుకుని రావాలని ఎవరూ అనుకోరు. టైముకు వెళ్ళండి, అదొక్కటే నిజంగా ముఖ్యం, ఎందుకంటే మీరు వచ్చే నిమిషాన్ని బట్టే లోపల పొయ్యి మీద పని జరుగుతూ ఉంటుంది. పెర్ఫ్యూమ్ పూసుకోకండి. చెప్పులు విప్పాలి కాబట్టి శుభ్రమైన సాక్సులు ఉండాలి. చీర కట్టుకుంటే చాలా బాగుంటుంది, కానీ ఉంగరాలు, గాజులు లక్క గిన్నెలకు గీతలు పెడతాయి, పెద్దవైతే తీసి పర్సులో పెట్టుకోండి. మోకాళ్ళ మీద కూర్చోలేకపోతే కాళ్ళు కిందికి వేలాడదీసుకునే గుంత ఉన్న బల్లో, కుర్చీ గదో అడగండి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి, చనిపోయినవాళ్ళ ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మీ చాప్‌స్టిక్స్ నుంచి మీవారి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందించకండి, దహనం తర్వాత ఎముకలు ఏరేటప్పుడు అలా అందుకుంటారు. మనకు పిండం పెట్టే తీరు భోజనం దగ్గర చేస్తే ఎలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది. సాకె తాగకపోతే టీ చాలు, ఎవరూ బలవంతం చేయరు. తాగితే మీ గ్లాసు మీరు నింపుకోకుండా ఒకరికొకరు పోసుకోండి.

గుమ్మం దగ్గరికి వెళ్ళగానే ఒకటి గమనించండి. మీరు వచ్చే వేళకు వాకిట్లో రాళ్ళ మీద నీళ్ళు చల్లి ఉంటాయి. ఉచిమిజు అంటారు. మన కళ్ళాపి లాంటిదే, మీ కోసం అంతా సిద్ధంగా ఉందని దాని అర్థం. లోపల గదిలో గోడకు చిన్న గూడులాంటి చోటు ఉంటుంది, అక్కడ వేలాడే రాత, ఒక పువ్వు. వాటిని ఆ పూట కోసమే ఎంచి పెడతారు, పెళ్ళిరోజని ముందే చెబితే దానికి తగ్గది పెట్టొచ్చు. అదేమిటని అడగండి. వడ్డించే ఆవిడ ముఖం వెలిగిపోతుంది, నేను ఎన్నిసార్లు చూశానో. తినేముందు "ఇతదకిమాస్", అయ్యాక "గోచిసోసమా దెషితా" అంటే చాలు. బయటికి వచ్చాక ఆ రెస్టారెంట్ యజమానురాలు గుమ్మంలో నిలబడి మీరు కనుమరుగయ్యేదాకా అక్కడే ఉంటారు. కాబట్టి వీధి మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి తల వంచండి.

ఇంకొక్కటి. తేదీలు ఇంకా ఖాయం కాలేదన్నారు. జపాన్ సముద్రంలో ఆడ, మగ మంచు పీతల వేట నవంబరు 6న మొదలవుతుంది. మీవారికి పీతలు ఇష్టమైతే ఆ తేదీ దాటాక ఒక వారం ఆగి పెట్టుకోండి. ఆడ పీతలు చిన్నవి, వాటి కాలం రెండు నెలల లోపే, గుడ్లతో సహా పెంకులోనే సర్ది పెడతారు. హోటల్ వాళ్ళ జవాబు వచ్చాక వాళ్ళు చెప్పిన షరతులు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.